బాలింత మంచం

మా మామయ్య సింగరేణి బొగ్గు గనుల్లో ముప్పై తొమ్మిదేళ్ళు పనిచేశాడు. 1976లో టబ్బుల్లో బొగ్గు నింపే బదిలీ ఫిల్లర్‌గా బాయి దిగాడు. తర్వాత పరీక్ష రాసి మైనింగ్ సర్దార్ అయ్యాడు. 2015లో రిటైరై కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, కొత్తగూడెంలోనే విద్యానగర్ కాలనీ వైపు చిన్న ఇల్లు కట్టుకున్నాడు. షిఫ్టు మొదట్లో చేతికర్రతో గని కప్పు తట్టి, ఆ చప్పుడు వినడం సర్దార్ పని. గట్టి కప్పు ఖంగున పలుకుతుంది. పొర విడిపోయిన కప్పు డొల్లగా, తడిసిన డప్పులా పలుకుతుంది. ఆ తేడా విని చెప్పే మనిషి మాట మీదే ముప్పై నలభై మంది లోపలికి అడుగు పెడతారు. ఇప్పటికీ మామయ్య మన మాట వింటున్నప్పుడు తల కాస్త పక్కకు వంచి, చెవి పైకెత్తి వింటాడు.

నేను ఇదే ఊళ్ళో డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతాను. ఈ వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం లాప్‌టాప్‌లో మామయ్యకు ఒక ఇటలీ సినిమా చూపించాను. విత్తోరియో డి సికా 1963లో తీసిన 'నిన్న, నేడు, రేపు'. మూడు ఊళ్ళు, మూడు కథలు, ముగ్గురు ఆడవాళ్ళు. నేపుల్స్‌లో దొంగ సిగరెట్లు అమ్ముకునే అదెలీనా, మిలాన్‌లో కోటీశ్వరుడి భార్య అన్నా, రోమ్‌లో ఒళ్ళమ్ముకుని బతికే మారా. ముగ్గురినీ సోఫియా లారెన్ ఒక్కతే వేసింది. మూడింట్లోనూ మగవాడు మార్చెల్లో మాస్త్రోయాన్ని. ఉత్తమ విదేశీ చిత్రంగా దీనికి 1965లో ఆస్కార్ ఇచ్చారు. కింద ఇంగ్లీషులో పడుతున్న మాటలను నేను తెలుగులో చెబుతూ ఉంటే మామయ్య పకపకా నవ్వుతూ చూశాడు. నాకు నవ్వు రాలేదు. మా వాదన అక్కడ మొదలై రాత్రి పది దాకా సాగింది.

మామయ్య: ఏమ్మా, అట్లా మొహం పెట్టుకుని కూర్చున్నావు? ఎంత తెలివైందే ఆ పిల్ల! కట్టాల్సిన జరిమానా కట్టలేదు, సామాను జప్తుకు కోర్టు మనిషి వచ్చేసరికి ఇంట్లో ఒక్క కుర్చీ లేదు. వాడంతా కలిసి మంచాలు, బీరువాలు తలా ఒక ఇంట్లో దాచేశారు. సరే, జైలుకు పట్టుకుపోదామంటే కడుపుతో ఉన్న ఆడదాన్ని జైల్లో పెట్టకూడదని వాళ్ళ చట్టం. కాన్పు అయ్యాక కూడా ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలు నిండేలోపు మళ్ళీ నెల తప్పుతుంది! పోలీసు ఏం చేస్తాడు? ఆమె బొజ్జ చూసి దండం పెట్టి పోతాడు.

నేను: నేపుల్స్‌లో ఒకామె నిజంగానే అట్లా చేసింది మామయ్యా. ఆ సంగతి పట్టుకునే ఎదువార్దో ది ఫిలిప్పో ఆ భాగం రాశాడు. ఆయన పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే.

మామయ్య: రాసే ఉంటాడు. అట్లాంటివి ఊరికే తోచవు, చూసి ఉండాలి. మన దగ్గర మాత్రం లేరా? నేను చేరిన కొత్తలో పాత లైన్లలో ఉండేవాళ్ళం. మా వరసకు ఎదురుగా ఒకామె ఉండేది. మొగుడు ఫిల్లరే, కానీ నెలకు పది మస్టర్లు పడితే గొప్ప. ఆమె గుడుంబా అమ్మేది. సెకండ్ షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు గోడవారన నిలబడి గ్లాసు పుచ్చుకుని పోయేవాళ్ళు. ఎక్సైజ్ వాళ్ళకు తెలుసు. రెండుసార్లు వచ్చారు, రెండుసార్లూ వట్టి చేతులతో పోయారు. ఎందుకో చెప్పు?

నేను: చెప్పు.

మామయ్య: ఆమె బాలింత! లోపలి గదిలో నులక మంచం. మంచం కింద కుంపటి, సాంబ్రాణి పొగ. తలకు గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, పిల్లను పక్కలో వేసుకుని పడుకునేది. గుమ్మానికి వేపరొట్ట వేలాడేది. మంచం కింద కుంపటి వెనకాల, పాత చీరలు కప్పి, రెండు ప్లాస్టిక్ క్యాన్లు. పురిటి గదిలోకి ఏ మగాడు పోతాడు? మైల. పైగా ఆ పొగ, పిల్ల ఏడుపు. ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకునేవాడు. లోపల్నుంచి ఈమె "పొయ్యి మీద కషాయం ఉంది, కాస్త దించి పెట్టయ్యా" అని ఆయన్నే పని అడిగేది. ఆయన ఆ మాటకే వెనక్కి తిరిగేవాడు. ఆ బాలింతతనం ఎన్నాళ్ళు నడిచిందనుకున్నావ్? ఏడాదిన్నర. పిల్ల పాకుతున్నా ఈమె తలగుడ్డ విప్పలేదు.

నేను: ఆమెకు ఎంతమంది పిల్లలు మామయ్యా?

మామయ్య: ఐదుగురో ఆరుగురో. ఎవరు లెక్కపెట్టారు?

నేను: ఆమె లెక్కపెట్టి ఉంటుంది.

మామయ్య: ...

నేను: నేను ఆటపట్టించడానికి అడగలేదు. సినిమాలో అదెలీనాకు ఏడుగురు. మొగుడు కార్మినె చిక్కి శల్యమై, కళ్ళు గుంటలు పడి, "ఇక నావల్ల కాదు" అన్నట్టు నడుస్తుంటే చూసేవాళ్ళకు నవ్వు. వాడి అలసట మీద డాక్టరు దగ్గర ఒక సీను కూడా ఉంది. ఏడు కాన్పులు మోసిన ఒళ్ళు మాత్రం సోఫియా లారెన్ ఒళ్ళు. వీధిలో తల ఎత్తుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని నడుస్తుంది. కాన్పు కాన్పుకూ ఆడమనిషి ఎంత అరిగిపోతుందో కెమెరా చూపించదు. అలసిపోయేది మొగుడట! ఆ వీధుల్లో పెరగకపోయినా లారెన్ ఆ పక్కనే పొజ్జువోలీలో పేదరికంలో పెరిగింది, నటనలో అబద్ధం లేదు. కథ చూసిన వైపు మాత్రం మగవాడి వైపు.

మామయ్య: ఆమె నవ్వు విన్నావా? నేను చూసింది ఆ నవ్వే. నలభై ఏళ్ళు కప్పు తట్టినవాడిని, డొల్ల నవ్వయితే నాకు తెలియదా? అది గట్టి నవ్వు. ఆకలి ఉంది, అప్పు ఉంది, అయినా లోపల పొర విడిపోలేదు. మీ చదువుకున్నవాళ్ళు పేదోళ్ళ దగ్గరకు వచ్చి కన్నీళ్ళు ఒక్కటే వెతుకుతారు. మా లైన్లలో చావులు ఉన్నాయి, నేనే మోశాను. కానీ ఆ నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళు నవ్వినంత నవ్వు ఈ కాలనీలో ఎన్నడూ వినలేదు నేను.

నేను: నవ్వు నిజమే. ఆ తెలివిని నేనూ కాదనను. కానీ ఆ తెలివికి ముడిసరుకు ఏమిటో చూడు. ఇంకొకరికి తెలివంటే మాట, లెక్క, చదువు. అదెలీనాకు తెలివి అంటే గర్భం. ఆమె దగ్గర అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి అదొక్కటే మిగిలింది. ఇంకా ఆ చట్టం సంగతి విను. గర్భిణిని, ఆరు నెలల లోపు బాలింతను జైలుకు పంపడం వాయిదా వెయ్యాలన్న నియమం ఇటలీ శిక్షాస్మృతిలో 1930లో వచ్చింది. ముస్సోలినీ రోజులవి. పెళ్ళి చేసుకోని మగాళ్ళ మీద పన్ను వేసి, ఎక్కువమంది పిల్లల్ని కన్నవాళ్ళకు బహుమతులిచ్చి, దేశానికి జనం కావాలని ఊదరగొట్టిన ప్రభుత్వం అది. ఆ జాలి ఆమె మీద కంటే ఆమె కడుపు మీద. కడుపు ఖాళీ అయి ఆరు నెలలు గడిస్తే జాలి కూడా అయిపోతుంది.

మామయ్య: చట్టం ఎవడు ఎందుకు చేసినా, అందులో ఒక సందు దొరికితే పేదోడు దూరిపోతాడు. అది తప్పంటావా?

నేను: తప్పనను. ఆ సందు ఎంత ఇరుకో చెబుతున్నాను. మన బొగ్గు సంగతే తీసుకో. బ్రిటిష్ ఇండియా గనుల్లో ఆడవాళ్ళు కూడా కిందికి దిగి బొగ్గు మోసేవాళ్ళు. 1929లో వాళ్ళను మెల్లగా తప్పించే నిబంధనలు పెట్టి, 1937లో పూర్తిగా ఆపేశారు. ఆడవాళ్ళ ఆరోగ్యం, సంసారం అన్నారు. యుద్ధానికి బొగ్గు చాలకపోతే 1943లో మళ్ళీ దింపారు. యుద్ధం అయ్యాక 1946లో మళ్ళీ పైకి పంపేశారు. మూడేళ్ళు వాళ్ళ ఆరోగ్యం ఎవరికీ గుర్తు రాలేదు. తర్వాత 1952 గనుల చట్టంలో ఆడవాళ్ళు భూగర్భంలోకి దిగకూడదని రాసుకున్నారు. ఆ తలుపు మళ్ళీ తీసింది 2019లో.

మామయ్య: దానికి మాత్రం నేను ఒప్పుకోను. నువ్వు కింద ఒక్క రోజు నిలబడలేదు. గాలి ఆడని చోట, మోకాటి లోతు నీళ్ళలో, తల మీద ఎప్పుడు పెళ్ళ ఊడుతుందో తెలియని చోట... మగాళ్ళం మేం పడ్డాం, చాలు. నా కూతురు దిగుతానంటే నేను కాళ్ళు పట్టుకుని ఆపేవాణ్ణి.

నేను: ఆ నీళ్ళలో నువ్వు నిలబడితే నెల తిరిగేసరికి జీతం, పీఎఫ్, క్వార్టర్, ఆసుపత్రి వచ్చాయి. నీ ఎదురింటామె మంచం మీద పొగలో పడుకుంటే ఏం వచ్చింది? ఆమె మొగుడి పేరు మస్టర్లో ఉంది, ఆమె పేరు ఎందులోనూ లేదు. కింద భయంకరంగా ఉందన్నది నిజం. దాన్ని బాగుచెయ్యడానికి బదులు ఆడవాళ్ళను గేటు బయట నిలబెట్టి, అక్కడ వాళ్ళు ఏదో ఉపాయం చేసుకుని బతికితే ఎంత తెలివో అని మెచ్చుకున్నాం.

ఇక్కడ మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తలుపు దగ్గర అత్తయ్య టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో మేమిద్దరం చూడలేదు.

అత్తయ్య: మీ మామయ్య ఇందాకటినుంచి ఆ నేపుల్స్ పిల్ల తెలివిని ఒకటే మెచ్చుకుంటున్నాడు. నేను జీతాల రోజు బాయి గేటు దగ్గర చంటిదాన్ని ఎత్తుకుని నిలబడేదాన్ని, జీతం కవరు నేరుగా నా చేతిలో పడాలని. గేటు దాటితే సారా దుకాణం. నేను ఒక్కదాన్నే కాదు, పాతికమంది ఆడవాళ్ళం నిలబడేవాళ్ళం. అందులోంచి నెలకింత తీసి పోపులపెట్టెలో మెంతుల కింద దాచాను. ఒకసారి అది దొరికి, దొంగదానా అన్నాడు. ఎవరైనా వచ్చి నువ్వు తెలివైనదానివి అంటారేమోనని నేను చూడలేదులే. ఈ ఇంటి స్థలం ఆ మెంతుల డబ్బుతోనే కొన్నాం.

మామయ్య: అన్నాను. నిజమే, అన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అత్తయ్య: టీ చల్లారుతుంది.

అత్తయ్య లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా ఇద్దరి గొంతులూ తగ్గాయి. ఆ పాతికమంది ఆడవాళ్ళ గురించి ఏ సినిమాలోనూ చూడలేదే అని నాకు అప్పుడు అనిపించింది. గేటు ముందు ఎండలో నిలబడ్డ వరుసలో ఎన్ని కథలు ఉన్నాయో.

మామయ్య: రెండో కథ నాకు నచ్చలేదు. ఆ మిలాన్ ఆవిడ.

నేను: అన్నా. అది అల్బెర్తో మొరావియా కథలోంచి తీసుకున్నారు. నాకు మాత్రం ఒక సంగతి తోచింది. ముగ్గురిలో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనిది ఆమె ఒక్కతే. డబ్బుంది, రోల్స్‌రాయిస్ ఉంది, భర్త ఎక్కడో వ్యాపారంలో ఉన్నాడు. ఎవరికోసమూ ఏదీ వదులుకోదు. అందుకే ఆమెను మనం ద్వేషిస్తామేమో.

మామయ్య: కాదు తల్లీ. రోడ్డు మీద పిల్లాడు అడ్డం వస్తే వాడిని తప్పించబోయి ఆమె ప్రియుడు, ఆ రచయిత, కారు గుద్దేశాడు. ఆమె కారు వైపు చూసిందే కానీ పిల్లాడి వైపు చూడలేదు. అతణ్ణి రోడ్డు మీద వదిలేసి ఇంకొకడి కారెక్కి పోయింది. అది స్వేచ్ఛ కాదు. మా దగ్గర టబ్బు పట్టా తప్పితే ముందు ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అరుస్తాం, టబ్బు సంగతి తర్వాత చూస్తాం.

నేను: నువ్వన్నదే సరి. నేను కాస్త తొందరపడ్డాను.

మామయ్య: ఆ మూడోది... నేను సగం చూడలేదు.

సగం చూడలేదన్నది నిజమే. మారా తన గదిలో పాట పెట్టుకుని ఒక్కొక్క బట్టా విప్పే ఘట్టం రాగానే మామయ్య నీళ్ళు తాగుతానని లేచి వంటింట్లోకి వెళ్ళాడు, చెంబు కడిగి, కుండలో నీళ్ళు నింపి, ఇంకా ఏవో సర్దుతూ అక్కడే ఉండిపోయాడు. మేనకోడలి పక్కన కూర్చుని చూసే సీను కాదు. తర్వాత ఏం జరిగిందో నేనే చెప్పాను.

నేను: పియాజ్జా నవోనా అనే చౌకు మీదకు ఆమె మేడ. పక్క మేడలో ఒక ముసలి దంపతులు. వాళ్ళ మనవడు ఫాదర్ చదువు చదువుతూ సెలవులకు వచ్చాడు. ఈమెను చూసి మనసు పారేసుకున్నాడు. ఇక మఠానికి పోనంటాడు. మొదట ముసలామె మారాను నోటికొచ్చినట్టు తిట్టింది. తర్వాత ఆమే వచ్చి ఏడ్చింది, నువ్వే వాణ్ణి వెనక్కి పంపాలి అని. మారా వాడిని మందలించి, మొక్కుకుంది. వాడు తిరిగి మఠానికి పోతే వారం రోజులు తన వృత్తికి దూరంగా ఉంటానని. వాడు వెళ్ళిపోయాడు. బొలోన్యా నుంచి వచ్చే అగూస్తో ఒకడున్నాడు, పెద్ద వ్యాపారి కొడుకు, ఎన్నాళ్ళనుంచో ఆమె కోసం తిరుగుతున్నవాడు. ఆమె బట్టలు విప్పుతుంటే మంచం మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఊళ వేస్తున్నాడు. సగంలో ఆమెకు మొక్కు గుర్తొచ్చింది. ఆపేసింది. అతను మొత్తుకున్నాడు. చివరికి ఆమెతో పాటు మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశాడు.

మామయ్య: అది మధురవాణి కదే!

నేను: అందుకే నీకు ఈ సినిమా చూపించాలనుకున్నాను. కన్యాశుల్కం చెప్పే ప్రతి ఏడూ నాకు మారా గుర్తొస్తుంది. గురజాడ నాటకం 1892లో విజయనగరంలో ఆడింది. 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని పెంచి తిరగరాశాడు. సోఫియా లారెన్ పుట్టడానికి పాతికేళ్ళ ముందే మన మధురవాణి మారా చేసిన పనంతా చేసేసింది.

మామయ్య: కంటె పేరు చెప్పి ఆ రామప్ప పంతుల్ని ఇంట్లో అడుగు పెట్టనివ్వదు చూడు! అక్కడ నవ్వని వాడు ఉంటాడా? కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లు అనే ముసలాడికి పెళ్ళికూతుర్ని చేసి అమ్ముతుంటే, ఆ పన్నాగానికి ఊపిరి పోసింది ఈమే. ఆ ముసలాడికి కట్టబెట్టబోయిన పసిపిల్ల సుబ్బి బతికింది ఈమె వల్లే. పెద్దమనుషులంతా ఉండగా ఆ పని చేసింది ఒక సాని.

నేను: మారా దగ్గర ఒక్క కథే ఉంది, మధురవాణి దగ్గర ఊరంతా ఉంది. గిరీశం, పంతులు, లుబ్ధావధాన్లు, కరటకశాస్త్రి, ఎవడి బలహీనత ఎక్కడుందో ఆమెకు తెలుసు. 1955లో తీసిన సినిమాలో సావిత్రి వేసింది ఆ వేషం. అదే ఏడాది ఆమె 'మిస్సమ్మ'లో మేరీ కూడా. ఉద్యోగం కోసం ముక్కూమొహం తెలియని మగాడికి భార్యగా నటించే బి.ఏ. చదివిన క్రైస్తవ పిల్ల. అక్కడ కూడా చూడు, మొగుడు ఉంటేనే ఉద్యోగం ఇస్తామన్నారు కాబట్టి ఆ నాటకం. అడ్డు ఎక్కడ ఉంటే ఉపాయం అక్కడ పుట్టింది.

మామయ్య: మొగుడిగా వేసింది రామారావు. కన్యాశుల్కంలో గిరీశం కూడా ఆయనే. ఒకే ఏడాది ఆ ఇద్దరూ రెండు రకాల నాటకాలాడారు. సరేగానీ చివర చూడు. వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి మధురవాణి మగవేషంలో పోతుంది. లుబ్ధావధాన్లు మీద హత్యానేరం. నిజం ఈమెకు తెలుసు. చెప్పడానికి ఒక ముద్దు ధర పెట్టింది. సానివాళ్ళ గాలి సోకనివ్వనని ఒట్టేసుకున్న ఆ పెద్దమనిషి, ఒక నిరపరాధిని బతికించడానికి సరేనన్నాడు. దగ్గరికి వచ్చాడు. అప్పుడు ఆమే వద్దంది. గెలిచి, గెలుపు చేతిలో పడ్డాక వదిలేసింది. నాకు ఆ సినిమా మొత్తంలోనూ, ఈ నాటకంలోనూ అదే గొప్ప. అదెలీనా కూడా అంతే కదా? మొగుడి వల్ల కాకపోతే ఆ స్నేహితుడు ఉన్నాడు, పాస్క్వాలె, అతనితో కడుపు తెచ్చుకుంటే జైలు తప్పుతుంది. అతని దాకా పోయి వెనక్కి తిరిగింది. పిల్లల్ని తీసుకుని తన కాళ్ళతో తాను జైలుకు నడిచింది. ఉపాయం ఎవడైనా పన్నుతాడు. ఇక చాలు అని ఆపడానికి గుండె కావాలి.

నేను: ఆ ముగ్గురూ ఆపిన క్షణాలు నాకూ ప్రాణం. పాఠం చెబుతుంటే ఆ ముద్దు దగ్గర క్లాసులో చప్పుడు ఉండదు. కానీ ఒకటి అడుగుతాను. మనం వాళ్ళను మంచివాళ్ళని ఒప్పుకున్నది ఎప్పుడు? వదులుకున్నాక. మారా ఒక వారం సంపాదన వదులుకుంది, అదెలీనా బయటి గాలి వదులుకుంది, మధురవాణి తనకు నిజంగా నచ్చిన ఒకే ఒక్క మనిషి స్పర్శ వదులుకుంది. సౌజన్యారావు భగవద్గీత చేతిలో పెట్టాడు. ఆమె ముద్దు తీసుకుని ఉంటే లుబ్ధావధాన్లు బతకడా? సుబ్బి పెళ్ళి తప్పదా? ఏం చెడేది?

మామయ్య: ఆయన ఒట్టు చెడేది.

నేను: ఆయన ఒట్టు! ఆమె తెలివితో మూడు ఊళ్ళ పెద్దమనుషుల్ని కాపాడింది, చివరికి ఈయన ఒట్టు కూడా ఆమే కాపాడాలి. మారా కూడా పక్కింటి వాళ్ళ మనవడి భక్తిని తన ఖర్చుతో నిలబెట్టింది. ఆ ముసలామె మళ్ళీ ఎప్పుడైనా మారాను భోజనానికి పిలుస్తుందా? సినిమా చెప్పదు.

మామయ్య: నువ్వు లెక్కలు చూస్తున్నావు. కొన్ని పనులు లెక్కకు చేసేవి కావు. బాయిలో కప్పు కదిలినప్పుడు వెనక్కి పోయి ఇంకొకణ్ణి లాగినవాడు, వాడి చెయ్యి పట్టుకున్నప్పుడు నాకేం వస్తుందని అనుకోడు. ఆమె కూడా అంతే. అది ఆమె గొప్పతనం, మనం ఇచ్చేది కాదు, గుంజుకోగలిగేది కాదు. నువ్వు దాన్ని కూడా అన్యాయం కింద రాసేస్తే ఆమెకు ఇక మిగిలేదేంది?

నేను: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వెనక్కి పోయేవాళ్ళలో ఎప్పుడూ ఆమే ఉంటుందే అన్నది ఒక్కటే నా బాధ.

మామయ్య: అదెలీనాకు మాత్రం వీధి నిలబడింది కదా. చందాలు వేసుకున్నారు, అర్జీలు పెట్టారు, క్షమాభిక్ష తెచ్చారు. ఆమె తిరిగి వస్తుంటే బాల్కనీల నిండా జనం. ఆ భాగం చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది.

నేను: నీ ఎదురింటామెకు వీధి నిలబడిందా?

మామయ్య కుర్చీలో ముందుకు జరిగి, గ్లాసు కింద పెట్టాడు. ఓపెన్‌కాస్ట్ వైపు నుంచి డంపర్ల చప్పుడు సన్నగా వినిపిస్తోంది. వేసవి రాత్రుళ్ళు గాలి ఇటు తిరిగితే అది తెల్లవార్లూ ఉంటుంది.

మామయ్య: లేదు. మూడోసారి ఒక ఆడ కానిస్టేబుల్ని తెచ్చుకున్నారు. ఆమె నేరుగా లోపలికి పోయి మంచం కింద చెయ్యి పెట్టింది. ఆ రోజు నేను ఫస్ట్ షిఫ్టులో ఉన్నా. వచ్చేసరికి గుమ్మం ముందు క్యాన్లు ఒలకబోసిన తడి. లైను మొత్తం తలుపులేసుకుని ఉంది. ఆమె సారా తాగినవాళ్ళే అందరూ. నేను కూడా.

నేను: తర్వాత?

మామయ్య: కొన్నాళ్ళకు వచ్చింది. మళ్ళీ అమ్మలేదు. కూరగాయల గంప ఎత్తుకుంది. నడుం అప్పటికే పట్టేసింది, కొంచెం వంగి నడిచేది. ఒక సంగతి గుర్తొచ్చింది. నువ్వు నాటకం గురించి చెబుతుంటే ఇందాకటినుంచి లోపల మెదులుతోంది. ఆ రోజుల్లో క్లబ్బు ముందు మైదానంలో కన్యాశుల్కం వేశారు. బయటినుంచి వచ్చిన సమాజం. చాపలు పరుచుకుని లైన్లన్నీ అక్కడే. మేం పోయేసరికి ఆమె ముందు వరసలో కూర్చుని ఉంది, చిన్నదాన్ని ఒళ్ళో వేసుకుని. రామప్ప పంతులు వచ్చినప్పుడల్లా అందరికంటే గట్టిగా ఆమే నవ్వింది. చివర ఆ ముద్దు దగ్గరికి వచ్చేసరికి మైదానం అంతా సద్దుమణిగింది. మధురవాణి వద్దంది. జనం చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆమె కొట్టలేదు.

నేను: ఏమన్నా అన్నదా?

మామయ్య: మా వెనకవాళ్ళందరికీ వినబడేటట్టు అన్నది. "పిచ్చిది. పుచ్చుకోవాల్సింది" అని.